ఒకే శాఖ, రెండు పట్టాలు: మిన్నెసోటాలో రసాయన ఇంజనీరింగు, పదార్థ విజ్ఞానం

అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో 1970లో రసాయన ఇంజనీరింగు శాఖ, గనులు–లోహశాస్త్ర పాఠశాలకు చెందిన పదార్థ విజ్ఞాన విభాగం కలిసి ఒకే శాఖ అయ్యాయి. దీనిని కేవలం పరిపాలనాపరమైన సర్దుబాటుగా కొట్టిపారేయలేము. అలాగని ఆ ఏడే రెండు శాస్త్రాలూ ఒకటయ్యాయని చెప్పడమూ సరికాదు.

నిజానికి ఈ బంధుత్వం పాతదే. మిన్నెసోటా ఇనుప ఖనిజానికి పుట్టినిల్లు. మెసాబీ శ్రేణిలో మేలిరకం ఖనిజం తరిగిపోతున్న దశలో, అదే విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్వర్డ్ డబ్ల్యు. డేవిస్ టాకొనైట్ అనే కఠినశిల నుంచి ఇనుమును రాబట్టే పద్ధతిని దశాబ్దాల కృషితో రూపొందించారు. శిలను పిండిగా నూరి, అయస్కాంతంతో ఇనుప రజాన్ని వేరుచేసి, గుళికలుగా చుట్టి కాల్చడం ఆ పద్ధతి. నూరడం, వేరుచేయడం వంటి పనులకే ఆర్థర్ డి. లిటిల్ 1915లో ‘యూనిట్ ఆపరేషన్లు’ అని పేరు పెట్టారు. రసాయన ఇంజనీరింగు తొలి పునాది అదే.

అయితే 1970 నాటికి ఇరుపక్షాలూ ఆ పునాదికి దూరంగా జరిగాయి. 1949 నుంచి పాతికేళ్ళు రసాయన ఇంజనీరింగు శాఖను నడిపిన నీల్ ఆమండ్‌సన్ గణితంలో డాక్టరేట్ పొందినవారు. ఆయన నాయకత్వంలో రియాక్టరు అవకలన సమీకరణాల విషయమైంది. 1958లో చేరిన రూథర్‌ఫర్డ్ ఆరిస్ ఆ ధోరణికి మరింత బలమిచ్చారు. (ఆరిస్ ప్రాచీన లిపిశాస్త్రంలోనూ పండితులు కావడం ఆ శాఖ స్వభావాన్ని కొంత పట్టిస్తుంది.) మరోవైపు లోహశాస్త్రం లోహాలకే పరిమితం కాకుండా పింగాణీ, పాలిమర్లను కలుపుకొని పదార్థ విజ్ఞానంగా మారుతోంది. ప్రవాహం, ఉష్ణం, చర్యావేగం ఒకరి ప్రశ్నలు. పదార్థపు అంతర్నిర్మాణానికీ దాని ధర్మాలకూ గల సంబంధం మరొకరి ప్రశ్న.

ఇక్కడే అసలు చిక్కు. కీర్తిలో పైచేయిగా ఉన్న శాఖలో చేరిన విభాగం తన ప్రశ్నను నిలుపుకోగలదా? పట్టాలను వేరుగా ఉంచడం అందుకు ఒక రక్షణ అయిందనవచ్చు. కలయిక జరిగింది పాఠ్యప్రణాళికలో కన్నా పరిశోధనలోనే. ఎల్. ఇ. స్క్రివెన్ పూతలపై సాగించిన అధ్యయనాలు ఇందుకు మంచి నిదర్శనం. కదిలే ఉపరితలంపై పరచిన పలుచని ద్రవపొర తడిగా ఉన్నంతసేపు ప్రవాహ సమస్య. ఆరి గట్టిపడుతున్నప్పుడు నిర్మాణ సమస్య. ఫొటో ఫిల్ము నుంచి అంటుపట్టీ వరకు ఎన్నో సరుకుల నాణ్యత ఈ రెండు ఘట్టాల మీదా ఆధారపడుతుంది. వాటిని విడదీసి చదివితే ఏ ఒక్కటీ పూర్తిగా బోధపడదు.

1989లో బెల్ ప్రయోగశాలల నుంచి వచ్చిన ఫ్రాంక్ బేట్స్ బ్లాక్ కోపాలిమర్లపై చేసిన కృషి కూడా ఈ కోవలోనిదే. అణుగొలుసుల సంశ్లేషణను, అవి తమంతట తామే అమరే తీరును విడివిడిగా చూడటం అక్కడ కుదరదు. 1999లో శాఖాధ్యక్ష బాధ్యత ఈ పాలిమర్ శాస్త్రవేత్తకే దక్కింది. రెండు పట్టాలు మాత్రం వేరుగానే కొనసాగాయి.