ఆర్డరు కాగితము – విద్యుత్ సామగ్రి వర్తకము

కృష్ణా, గోదావరి కాలువలు కలియు ఏలూరు చిరకాలముగా వర్తకస్థానము. ఇచ్చటి తివాచీలు సముద్రములు దాటి పోయినవి. దూరపు వర్తకమునకు నోటిమాట చాలదని ఈ పట్టణమునకు ఒకరు చెప్పవలసిన పని లేదు. కాని విద్యుత్తు వచ్చిన పిదప ఈ పాఠమును మరల నేర్వవలసి వచ్చెను. తివాచీ విషయమున మనము అమ్మువారము. తీగ, స్విచ్చి, పింగాణి సామాను విషయమున మనము కొనువారము. ఆ సరకు మనయూర తయారగునది కాదు.

పూర్వము ప్రభుత్వ కార్యాలయములు తమకు కావలసిన యంత్రసామగ్రికి 'ఇండెంటు' వ్రాసి లండనునకు పంపుచుండెడివి. 1922లో ఇండియన్ స్టోర్స్ డిపార్టుమెంటు ఏర్పడి, ఈ దేశముననే కొనుగోలు చేయు పద్ధతి బలపడెను. 1951లో దాని స్థానమున సప్లైస్ అండ్ డిస్పోజల్స్ డైరెక్టరేట్ జనరల్ వెలసి, 2017 వరకు నడచినది. ప్రభుత్వపు కొనుగోళ్లకు 2016లో వచ్చిన 'జెమ్' అను విద్యున్మాన విపణి నేడు ఆ పని చేయుచున్నది. సాధనము మారినను, కోరినదేమో స్పష్టముగా వ్రాయవలెనను నియమము మారలేదు.

1955లో మాచ్‌ఖండ్ జలవిద్యుత్తు ఆరంభమైనది. 1959లో రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడెను. ఏలూరు, తాడేపల్లిగూడెముల బియ్యపు మిల్లులకును, మెట్టపొలముల పంపులకును, గృహములకును తీగలు సాగినవి. వైరింగు పని చేయు కాంట్రాక్టరు దూరపు నగరములకు ఆర్డరు పంపవలసి వచ్చెను. సరకు రైలులో వచ్చును. రైల్వే రసీదు బ్యాంకునకు చేరును. సొమ్ము చెల్లించినగాని రసీదు చేతికి రాదు. అనగా పెట్టె తెరచి చూచుటకు ముందే ధనము పోవును. ఇట్టి వ్యవహారమున కొనువానికి రక్షణ ఆ ఆర్డరు కాగితమొక్కటే.

'మంచి తీగ పది చుట్టలు' అని వ్రాసిన ఏది వచ్చినను కాదనుట కష్టము. ఆనాడు '3/22' అని వ్రాసిన, 22వ గేజి పోగులు మూడు పేనిన తీగ యని అర్థము. 1958 నుండి మెట్రిక్ కొలతలు అమలులోనికి రాగా, క్రమముగా చదరపు మిల్లీమీటర్ల లెక్క వచ్చినది. రాగి కొరతచే అల్యూమినియము వాడుకలోనికి వచ్చెను. దాని వాహకశక్తి రాగిలో నూటికి 61 పాళ్లు మాత్రమే. రాగికి సరిపడు కొలతనే అల్యూమినియమునకు వ్రాసినచో తీగ వేడెక్కును, ఇల్లు కాలవచ్చును. కావున లోహము, కొలత, వోల్టేజి, ప్రమాణసంఖ్య, పరిమాణము, ధర, గడువు, చేరవలసిన స్థలము అన్నియు ఆర్డరున నుండవలెను. పి.వి.సి. తీగలకు 'ఐ.ఎస్. 694' అని వ్రాసిన, ఒక్క మాటలో నాణ్యతయంతయు చెప్పినట్లగును.

శాసనము కూడ ఈ కాగితమును మన్నించును. వర్తకుని ధరల పట్టిక సాధారణముగా బేరమునకు ఆహ్వానము మాత్రమే. మన ఆర్డరు ప్రతిపాదన. దానిని అతడు యథాతథముగా అంగీకరించిన నాడు ఒడంబడిక. 1872 నాటి కాంట్రాక్టు చట్టము ననుసరించి, అంగీకారమున క్రొత్త షరతు చేర్చిన అది అంగీకారము కాదు. 1930 నాటి సరకుల విక్రయ చట్టము ప్రకారము పరిమాణము తగ్గిన సరకును తిరస్కరింపవచ్చును. తీసికొన్నచో ఒడంబడిక ధర చెల్లింపవలెను. పరీక్షించు హక్కు కలదు. కాని తిరస్కరించుచున్నామని తెలుపక తగిన కాలము మించి సరకును ఉంచుకొన్నచో అంగీకరించినట్లే.

ఈ చివరి నియమము కొల్లేటి లంకలవారికి ముఖ్యమైనది. వానకాలమున పడవపై చేరిన సరకును తిరిగి పంపుట సులభము కాదు. అందుచే ఏలూరు స్టేషనుననే కట్టలు విప్పి, ఆర్డరు నకలుతో సరిచూచి, తేడా యున్న వెంటనే వ్రాతమూలకముగా తెలుపుట మేలు.

నేడు కొల్లేటి పరిసరముల చేపల, రొయ్యల చెరువులలో గాలిచక్రములు తిరుగుచున్నవి. రాత్రివేళ ఒక్క తీగ విఫలమైన, ప్రాణవాయువు తగ్గి, ఒక రైతు యేడాది శ్రమ తెల్లవారునప్పటికి నశింపవచ్చును. ఆ తీగ మేలు కీడులు దానిని తెప్పించిన కాగితముపై ముందే వ్రాయబడియున్నవి.