గడప, గుట్టు



నేను పల్లెబడిలో పంతులుగా నుండిన కాలమున, గల్ఫు దేశములకు పోయిన కొడుకులు వ్రాసిన జాబులను తల్లులు నాచేత చదివించుకొనుచుండిరి. అందలి మాట నా పెదవి దాటరాదు. అది నాటి మర్యాద. ఆ మర్యాద చట్టమున హక్కుగా నిలిచిన చరిత్రను మనవి చేసెదను.

గోప్యము మనకు క్రొత్తది కాదు. వయస్సు, ధనము, ఇంటిలోపము మొదలుగా తొమ్మిదింటిని దాచుకొనుమని మన నీతికారులు చెప్పిరి. పరుల యుత్తరమును అక్రమముగా విప్పిన తపాలా యుద్యోగిని 1898 నాటి చట్టము శిక్షార్హుని జేసెను. అయితే ప్రభుత్వమే మన గడప త్రొక్కినచో నేమి గతి?

ఉత్తర ప్రదేశమున ఖరక్ సింగ్ అను నాతడు దోపిడి నేరమునకు పట్టుబడి, సాక్ష్యము చాలక విడుదలయ్యెను. అయినను పోలీసులు అర్ధరాత్రి వచ్చి తలుపు తట్టి యాతనిని లేపుచుండిరి. 1962లో సుప్రీముకోర్టు న్యాయాధిపతులు ఆరుగురు ఈ వ్యాజ్యమును విచారించిరి. రాత్రివేళ ఇల్లు చొచ్చుట చెల్లదని యందరును పలికిరి. కాని గోప్యత రాజ్యాంగ మిచ్చిన హక్కు కాదని నలుగురు తీర్పు చెప్పిరి. మన రాజమహేంద్రవరమున జన్మించిన కోకా సుబ్బారావుగారు, షాగారితో గూడి, విడిగా తీర్పు వ్రాసిరి. గోప్యత స్వేచ్ఛలోని యంగమే యనియు, ఎడతెగని కాపలా మనస్సునకు సంకెల యనియు వారి వాదము.

2017 ఆగస్టు 24వ తేదీన, విశ్రాంత న్యాయాధిపతి పుట్టస్వామిగారి వ్యాజ్యమున, తొమ్మండుగురు న్యాయాధిపతులు గోప్యత ప్రాథమికహక్కని యేకగ్రీవముగా నిర్ణయించి, సుబ్బారావుగారి మాటయే సరియని యొప్పుకొనిరి. 1976లోనే గతించిన యాయన ఆ దినమును చూడలేదు.

నేడు మన గడప చేతిలోని మొబైలు. అన్యుడు చొచ్చినచో చట్టము శిక్షింపగలదు. తాళపుచెవి మనమే యిచ్చినచో? బ్యాంకు పంపు ఓటీపీ యంకెలే ఆ తాళపుచెవి. నిరుడు ఫోనులో నెవడో "మాస్టారూ" అని వినయముగా పిలిచి, పింఛను నిలిచిపోవునని బెదరించెను. ఆరంకెలలో నాలుగు చెప్పితిని. మనుమరాలు ఫోను లాగుకొనకున్నచో తక్కిన రెండును చెప్పియుందును. పరుల జాబులను కాపాడిన నోరే యిది!

ఓటీపీ నెవ్వరికిని చెప్పకుడు. బ్యాంకువా రెన్నడును దాని నడుగరు. మోసపోయినచో సిగ్గుపడి దాచుకొనక, వెంటనే 1930 అను సంఖ్యకు ఫోను చేయుడు. ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత మనమెరిగినదే గదా.