కుండీ మట్టికి జీవం పోసే వానపాములు

ఎర్రగడ్డ: మిద్దెలపైనా, బాల్కనీలలోనూ కూరగాయలు పండించుకొనే కుటుంబాలకు తరచుగా ఎదురయ్యే సమస్య ఒకటున్నది. తొలిపంట ఏపుగా వస్తుంది. మలిపంటకు ఆకులు పసుపు బారుతాయి. మూడో పంట నాటికి మట్టి గట్టిపడి, పోసిన నీరు ఇంకక కుండీ అంచుల వెంట జారిపోతుంది. మట్టిలోని సూక్ష్మజీవులకు ఆహారమైన సేంద్రియ పదార్థం తరిగిపోవడమే ఇందుకు ప్రధాన కారణం. పొలంలో రాలిన ఆకులు, పశువుల పేడ ఆ లోటును తీరుస్తాయి. కుండీలో ఆ పనిని పెంపకందారే నిర్వర్తించవలసి ఉంటుంది.

చేరువలోనే ముడిసరకు

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1999లో ఆరంభమైన రైతుబజార్ల వ్యవస్థకు చెందిన పెద్ద మార్కెట్ ఎర్రగడ్డలో ఉన్నది. అక్కడ కొన్న కూరగాయల తొక్కలు, ఆకుకూరల కాడలు చెత్తబండిలో పడితే వృథాయే. తడి, పొడి, ప్రమాదకర వ్యర్థాలను ఇంటివద్దనే వేరు చేయాలని 2016 నాటి ఘనవ్యర్థాల నిర్వహణ నిబంధనలు నిర్దేశించాయి. అలా వేరుచేసిన తడిచెత్తే కంపోస్టుకు ఆధారం.

కంపోస్టు తయారీ

అడుగున, పక్కల రంధ్రాలున్న డ్రమ్ములో ఒక వంతు తడిచెత్తకు రెండు వంతుల ఎండుటాకులు కలిపి పొరలుగా వేయాలి. వారానికొకసారి తిరగవేయాలి. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రాలేంత తేమ చాలు. దుర్వాసన వస్తే తేమ ఎక్కువై గాలి ఆడడం లేదని గ్రహించి, మరికొన్ని ఎండుటాకులు కలపాలి. రెండు మూడు నెలలలో మట్టివాసన గల నల్లని ఎరువు సిద్ధమవుతుంది.

వానపాముల పాత్ర

వానపాములు నేలను నిరంతరం తిరగవేస్తూ సారవంతం చేస్తాయని చార్లెస్ డార్విన్ 1881లో వెలువరించిన గ్రంథంలో వివరించారు. వర్మికంపోస్టుకు ఐసీనియా ఫెటిడా, యూడ్రిలస్ యూజీనియే జాతులు అనువైనవి. ఇవి పైపొరలోని కుళ్లిన పదార్థాన్ని తింటాయి. పచ్చిచెత్త, పచ్చిపేడ కుళ్లేటప్పుడు వేడి పుట్టి వానపాములు చనిపోతాయి. కనుక 15-20 రోజులు మగ్గిన తరువాతనే తొట్టెలో వేయాలి. ఉప్పు, నూనె, మాంసం, వండిన కూరలు, నిమ్మతొక్కలు వేయరాదు. సుమారు 45-60 రోజులలో ఎరువు తయారవుతుంది.

వేసవిలో జాగ్రత్త

వానపాములకు 20-30 డిగ్రీల ఉష్ణోగ్రత అనుకూలం. మే నెలలో నగరంలో ఎండ 40 డిగ్రీలు దాటడం పరిపాటి. ఎండలో ఉంచిన తొట్టెలో వానపాములన్నీ ఒక్క మధ్యాహ్నంలోనే నశించే ప్రమాదమున్నది. తొట్టెను నీడలో ఉంచి, తడి గోనెసంచి కప్పాలి. చీమలు చేరకుండా తొట్టె కాళ్ల కింద నీటి పళ్లేలు అమర్చాలి.

వాడే విధానం

రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు కంపోస్టు, ఒక పాలు కొబ్బరిపొట్టు కలిపి కుండీలు నింపాలి. ఘనమీటరు తడిమట్టి ఒకటిన్నర టన్నుకు పైగా తూగుతుంది. కొబ్బరిపొట్టు కలిపితే మిద్దెపై భారం తగ్గుతుంది. నెలకొకసారి రెండు గుప్పెళ్ల వర్మికంపోస్టును పైమట్టిలో కలిపి ఎండుటాకులు పరచాలి. పంట తీసిన ప్రతిసారీ మట్టిని పారవేయనక్కరలేదు. తగినంత కంపోస్టు చేర్చి, పది పదిహేను రోజులు తేమగా ఉంచితే అదే మట్టి మరుపంటకు పనికివస్తుంది.