తలనొప్పి: పేర్లును, కారణములును

తలనొప్పి యెరుగని యిల్లుండదు. జ్వరమును కొలుచుటకు థర్మామీటరు కలదు. తలనొప్పిని కొలుచు సాధనము మాత్రము నేటికిని లేదు. రోగి చెప్పు మాటయే యిందు ముఖ్యాధారము. కావుననే దీని చరిత్ర, వైద్యులు ఆ మాటను శ్రద్ధగా వినుటలో సాధించిన ప్రగతికి చరిత్ర.

సుశ్రుత సంహితయందలి ఉత్తరతంత్రము శిరోరోగములను 11 విధములుగా విభజించినది. అందు సూర్యావర్తము ప్రొద్దు పొడుపుతో మొదలై, మధ్యాహ్నమునకు హెచ్చి, ప్రొద్దు వాలిన కొలది తగ్గును. తలలో సగమును బాధించునది అర్ధావభేదకము. మన యిండ్లలో దీనినే పార్శ్వపునొప్పి యందురు. ఆ వైద్యులు కారణములను వాతపిత్తకఫములలో వెదకిరి; వారు గుర్తించిన లక్షణములను నేటి రోగులును చెప్పుచునే యున్నారు.

క్రీ.శ. 2వ శతాబ్దమున గ్రీకు వైద్యుడు అరిటీయస్, అప్పుడప్పుడు వచ్చు నొప్పిని, చిరకాలము వేధించు నొప్పిని, ఒక ప్రక్కనే వచ్చు నొప్పిని వేరుచేసి వర్ణించెను. ఈ మూడవదానికి గాలెన్ వాడిన ‘హెమిక్రేనియా’ అను పేరునకు ‘సగము కపాలము’ అని యర్థము. అదియే క్రమముగా ‘మైగ్రేన్’ అయినది.

ఇంతకును నొప్పి పుట్టుచోటు ఏది? మెలకువతోనున్న రోగులకు శస్త్రచికిత్స చేయుచు పరిశీలించిన రే, వుల్ఫ్ అను అమెరికను వైద్యులు 1940లో దీనికి సమాధానము ప్రకటించిరి. మెదడు పదార్థమునకు నొప్పి తెలియదు. దానిని కప్పియుండు పొరలకును, రక్తనాళములకును తెలియును. మైగ్రేన్‌కు రక్తనాళములు ఉబ్బుటయే కారణమని చాలకాలము నమ్మిరి. ముఖమునకును ఆ పొరలకును స్పర్శజ్ఞానమిచ్చు నాడి యిందు ప్రధానమని తరువాతి పరిశోధనలు తెలిపినవి.

1988లో వెలువడిన అంతర్జాతీయ వర్గీకరణము తలనొప్పులను చక్కగా క్రమపరచినది. తలకు పట్టీ బిగించినట్లు ఇరుప్రక్కల నొక్కునది సర్వసాధారణము. వికారముతో, వెలుతురును చప్పుడును సహింపనీయక పోటెత్తునది మైగ్రేన్. ఒక కంటిచుట్టు తీవ్రముగా లేచి, ఆ కంట నీరు కార్పించునది అరుదైన మూడవ రకము. ఇవి స్వతంత్రములు. జ్వరము, దెబ్బ, ముక్కు ప్రక్కల గదులలో చీము మున్నగువానివలన వచ్చునవి వేరు. నొప్పిమాత్రలు తరచుగా మ్రింగుటవలననే కలుగు తలనొప్పియు నొకటి కలదు!

అకస్మాత్తుగా పిడుగువలె వచ్చిన నొప్పిని, జ్వరముతో మెడ బిగిసిన నొప్పిని, కాలుసేతులు పట్టుదప్పిన నొప్పిని ఉపేక్షింపరాదు. వెంటనే ఆసుపత్రికి పోవలెను. తక్కినవానికి, ఎప్పుడు మొదలైనది, ఎచ్చట, ఎంతసేపు అను వివరములు వ్రాసియుంచుకొని వైద్యునకు చెప్పుడు. సుశ్రుతుని కాలమునుండి వైద్యులడుగు ప్రశ్నలివియే.