మామిడి గుజ్జు డబ్బా: అతుకు నుండి ధర వరకు

వేసవి వచ్చిందంటే కృష్ణగిరి, హోసూరు పరిసరాలలో మనం బెంగళూరా అని పిలుచుకునే తోతాపురి మామిడికాయలు లారీలకెక్కి గుజ్జు కర్మాగారాలకు తరలుతాయి. దేశంలో ఈ పరిశ్రమకు రెండు ప్రధాన కేంద్రాలు ఉన్నాయి. ఒకటి ఆంధ్రప్రదేశ్‌లోని చిత్తూరు, రెండవది తమిళనాడులోని కృష్ణగిరి. కాయ వచ్చేది రెండు మూడు నెలలే అయినా గుజ్జుకు గిరాకీ ఏడాది పొడవునా ఉంటుంది. ఈ అంతరాన్ని పూడ్చే సాధనమే రేకు డబ్బా.

డబ్బా పుట్టుక

ఆహారాన్ని గాజు సీసాలో మూసి వేడిచేసి నిల్వ ఉంచే పద్ధతిని ఫ్రాన్సు దేశీయుడు నికోలా అపేర్ 1810లో ప్రచురించాడు. అదే ఏడు పీటర్ డ్యూరాండ్ ఇంగ్లండులో తగరపు పూత గల ఇనుప డబ్బాకు పేటెంటు పొందాడు. 1813 నాటికి బ్రయన్ డాంకిన్ కర్మాగారం నుండి డబ్బాలు సైన్యానికి చేరాయి. వాటిని అప్పట్లో ఉలితో, సుత్తితో తెరిచేవారు.

అతుకులో వచ్చిన మార్పు

తొలినాటి డబ్బాలను సీసం కలిసిన టంకంతో అతికేవారు. ఆ సీసం ఆహారంలోకి దిగేది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో మూత అంచును, డబ్బా అంచును కలిపి రెండు మడతలుగా చుట్టి నొక్కే పద్ధతి వచ్చింది. తరువాత పక్క అతుకుకు విద్యుత్ వెల్డింగు వచ్చింది. అమెరికా 1995లో ఆహార డబ్బాలకు సీసపు టంకాన్ని నిషేధించింది. డబ్బా నడుమ కనిపించే గాడులు అలంకారం కోసం కాదు. పలుచని రేకుకు బలం ఇవ్వడానికే వాటిని వేస్తారు.

పానీయాల అల్యూమినియం డబ్బాను ఒకే బిళ్ళ నుండి సాగదీసి చేస్తారు కనుక దానికి పక్క అతుకే ఉండదు.

గుజ్జు డబ్బా

మామిడి గుజ్జును సాధారణంగా 3.1 కిలోలు పట్టే ఏ-10 డబ్బాలో నింపుతారు. గుజ్జులో పులుపు ఉండటం వల్ల మూసిన డబ్బాను మరిగే నీటి వేడిలో ఉంచితే చాలు. పులుపు లేని చేపలకు, కూరగాయలకు ఆవిరి ఒత్తిడితో 121 డిగ్రీల సెల్సియస్ వరకు వేడి అవసరం. ఇటీవలి దశాబ్దాలలో, సూక్ష్మజీవులు లేకుండా శుద్ధిచేసిన సంచిలో గుజ్జు నింపి, ఆ సంచిని ఇనుప డ్రమ్ములో పెట్టి పంపే పద్ధతి కూడా వ్యాపించింది.

రైతుకు దీనితో పని ఏమిటి?

డబ్బాలో గుజ్జు సుమారు రెండేళ్లు నిలుస్తుంది. ఆ మేలులోనే ఒక చిక్కు ఉంది. నిరుటి సరుకు అమ్ముడుపోక గోదాములో మిగిలితే, ఈ ఏటి కాయను కర్మాగారం తక్కువ ధరకు అడుగుతుంది, లేదా అసలు అడగదు. 2025లో ఇదే జరిగింది. ఆ జూన్‌లో చిత్తూరు జిల్లా యంత్రాంగం ఇతర రాష్ట్రాల తోతాపురి కాయను తమ జిల్లాలోకి రానీయకుండా ఉత్తర్వు ఇచ్చింది. సరిహద్దు రైతు కాయ కోతకు ముందే గుజ్జు నిల్వల సంగతి విచారించుకోవడం మేలు.

ఇంటివారు గమనించవలసినవి

ఉబ్బిన డబ్బాను తెరవరాదు, రుచి చూడరాదు. అతుకు మీద సొట్టపడినదానిని, కారుతున్నదానిని కొనరాదు. తెరిచిన తరువాత మిగిలిన గుజ్జును గాజు లేదా స్టీలు పాత్రలోకి మార్చాలి. గాలి తగిలితే పులుపు వల్ల తగరం త్వరగా కరిగి గుజ్జులో కలుస్తుంది.