గుహల్లో దాగిన కరువు లెక్కలు

రాయలసీమను కుదిపేసిన 1876-78 ధాత కరువుకు ఈ 2026తో 150 ఏళ్లు నిండుతున్నాయి. భారత వాతావరణ శాఖ పుట్టింది దానికి ఏడాది ముందే. అంతకు మునుపటి వానల ఊసు శాసనాల్లో, కైఫీయత్తుల్లో అక్కడక్కడా దొరికేదే. ఆ లోటును సున్నపురాతి గుహలు తీరుస్తున్నాయి.

నేలలోకి ఇంకిన వాననీరు సున్నపురాయిని కరిగించుకుంటూ గుహలోకి దిగుతుంది. చుక్క పడ్డచోట సున్నం పొరలు పొరలుగా పేరుకుని స్టాలగ్మైట్‌ లేస్తుంది. వానలు జోరుగా ఉంటే ఆ నీటిలో బరువైన ఆక్సిజన్-18 పాలు తగ్గుతుంది, ముఖం చాటేస్తే పెరుగుతుంది. పొర వయసు చెప్పేది యురేనియం. అది నీటిలో కరిగి వస్తుంది, థోరియం కరగదు. కనుక పొరలోని థోరియం-230 దాదాపు అంతా తర్వాత యురేనియం నుంచి పుట్టిందే; అదెంత పేరుకుందో చూస్తే పొర వయసు తెలుస్తుంది.

ఉమ్మడి కర్నూలు జిల్లా వాల్మీకి గుహలోని రాయి సుమారు 15,700 నుంచి 14,700 ఏళ్ల కిందటి వానలను చెప్పింది. మేఘాలయలోని మావ్‌మ్లూ గుహ రాయిలో 4,200 ఏళ్ల నాటి అనావృష్టి జాడ దొరికింది. దాని ఆధారంగానే 2018లో ఇప్పటి భూచరిత్ర దశకు ‘మేఘాలయన్’ పేరు ఖాయమైంది.

ఈ మూడింటిలో కాలం రీత్యా మనకు దగ్గరిది బస్తర్‌లోని దండక్ గుహ. అది కాంగేర్ లోయలో ఉంది. ఆ లోయ నీరు శబరిలో కలిసి గోదావరికే చేరుతుంది. క్రీ.శ. 600 నుంచి 1500 దాకా రుతుపవనాల తీరు అక్కడి రాయిలో నమోదైంది. 14వ శతాబ్దం నుంచి 15వ శతాబ్దం నడిమి దాకా వానలు పదే పదే, ఏళ్ల తరబడి వెనకబడ్డాయి. దక్కన్‌ను పీడించిన దుర్గాదేవి కరువు సరిగ్గా అప్పటిదే: 1396లో మొదలై పన్నెండేళ్లు సాగిందని ప్రతీతి. అంతకుముందే బహమనీ సుల్తాను రెండో మహమ్మద్ షా కాలంలోనూ కరువు వచ్చింది. మాళవ, గుజరాత్‌ల నుంచి ధాన్యం మోయడానికి ఆయన పదివేల ఎద్దులను పెట్టాడని చరిత్రకారుడు ఫెరిష్తా రాశాడు. ధాన్యాన్ని చవకగా అమ్మించాడట. అన్ని ఎద్దులు ఎందుకు కదలాల్సివచ్చిందో బస్తర్ రాయి చెబుతోంది.

అయితే ఈ రాళ్ల సాక్ష్యానికి చిక్కులూ ఉన్నాయి. దండక్ రాయి 1500 దగ్గరే ఆగిపోతుంది. మావ్‌మ్లూలో ఆక్సిజన్ తేడాకు వాన పరిమాణం ఒక్కటే కాదు, తేమ ఏ సముద్రం మీదుగా వచ్చిందన్నదీ కారణమే. 4,200 ఏళ్ల నాటి కరువు తీవ్రతపైనా వాదాలు తెగలేదు.

ఇదేదో పాత ముచ్చట కాదు. కృష్ణా జలాల పంపకాన్ని తేల్చిన బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 వరకు 78 ఏళ్ల ప్రవాహాలు చూసి, 75 శాతం లభ్యత ప్రాతిపదికన కృష్ణాలో 2,060 టీఎంసీలు ఉన్నాయని తేల్చింది. దుర్గాదేవి కరువు నాటి లోటు ఆ 78 ఏళ్లలో లేదు. ఇకపై జరిగే నీటి పంపకాల్లో గుహల సాక్ష్యాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.