ఆకృతి, సౌష్ఠవం, కాంతి శోషణం: వాల్తేరు పూర్వరంగం

అరకు కొండల్లో విస్తారంగా కనిపించే ఖోండలైట్ శిలకు కోందు తెగ పేరిట ఆ నామకరణం చేసినవాడు టి.ఎల్. వాకర్ (1902). అందులోని గార్నెట్ రేణువు ఏ ఆకారంలో విరిగినా దాని శోషణ పట్టీల స్థానం మారదు. జాలకంలో తమ స్థానాలకు కట్టుబడిన ఇనుప అయాన్లే అక్కడ కాంతిని శోషిస్తాయి. తగరంతో మాదీకరణం చేసిన ఇండియం ఆక్సైడ్ వంటి అర్ధవాహక నానోస్ఫటికాల తీరు వేరు. వాటిలో స్వేచ్ఛా ఎలక్ట్రాన్లు సామూహికంగా డోలనం చెందుతూ పరారుణ కాంతిని గ్రహిస్తాయి. చిన్న గోళంలో ఒకే ప్రధాన శిఖరం ఏర్పడితే, ఘనంలో మూలలు, అంచుల మూలంగా పలు శిఖరాలు ఏర్పడతాయి. ఏ డోలనం కాంతికి స్పందించగలదో తేల్చేది సౌష్ఠవం. అణువుల, స్ఫటికాల కంపనాలకు ఇదే తర్కాన్ని అన్వయించిన సూరి భగవంతం, టి. వెంకటరాయుడుల సమూహ సిద్ధాంత గ్రంథాన్ని 1948లో వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురించింది. నానోస్ఫటికాల ప్రసక్తి అందులో ఉండే కాలం కాదది. గణితం మాత్రం అదే.